ఎడమ చేతులు, కుడి చేతులు

"ఈ మంచం మీద చూస్తే వీపులు, ఆ బెంచీ మీద చూస్తే చేతులు. మనిషి కూర్చునే జాగా యాడుందమ్మా ఈ ఇంట్లో?"

రామలక్ష్మమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని హాలు మధ్యలో నిలబడి ఉంది. ఆ గొడవ తెల్లవారినప్పటి నుంచి నడుస్తూనే ఉంది. మొదట స్నానాల గది కొక్కేనికి ఆరవేసిన మెరూన్ ముక్క దగ్గర మొదలైంది. వంటింట్లో పప్పుడబ్బాల మీద పరిచిన ముక్కల దాకా వచ్చింది. ఇప్పుడు హాల్లో ఆగింది.

మంజులమ్మ మంచం మీది స్వెట్టరు ముక్కలను ఒక పక్కకు జరిపింది. "ఈడ కూర్చోండత్తా."

"యాడ? ఆ వీపు మీదనా? ఏ పిల్లోడు బడికి వేసుకుని పోయేదో ఏమో. దాని మీద నేను కూర్చుంటే వానికి చదువు ఎక్కుతుందా?"

కృష్ణగిరి బస్సుకు టైమవుతోందని హడావిడిగా జడ వేసుకుంటున్న ఆశ నవ్వేసింది.

"నగతావేమే? నేను లేనిది చెప్తా ఉండానా? మీ అమ్మ ఫోనుకు టోపీ అల్లింది, ఏమన్నా అన్నానా? టీవీకి దుప్పటి కప్పింది, ఏమన్నా అన్నానా? నా కాళ్ళకు సాక్సు అల్లితే వేసుకొని తిరిగినాను. అప్పుడు ఊలు ఒక సంచీలో ఉండింది. ఇప్పుడు మనం సంచీలో ఉండాము."

శేషప్ప తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చాడు. "ఇంకో నాలుగు దినాలు ఓర్చుకోమ్మా. బడి ఆర్డరు పోతే ఇల్లంతా ఖాళీ."

"అప్పటికి నేనూ ఖాళీ అయిపోతాలేరా."

అతను తల్లి మాట పట్టించుకోకుండా భార్య వైపు తిరిగాడు. "నిన్న ఎన్ని జాయింట్ చేసినావు?"

"ఒకటీ చేయలేదు."

"ఏం?"

"కలవలేదు."

"కలవకపోతే కలపల్ల. తడిపి, లాగి, ఇస్త్రీపెట్టె పెట్టు. దారికొస్తుంది."

"ఇది రేకు కాదు. ఊలు."

ఆ మాట మంజులమ్మ గట్టిగా అనలేదు. కానీ చీర కుచ్చిళ్ళు బొడ్డులో దోపి, మంచం మీంచి ఒక స్వెట్టరు ఎత్తింది. అన్నిటికన్నా పెద్ద సైజుది. రెండు చేతులూ పైపైన పెద్ద కుట్లతో తగిలించి ఉన్నాయి.

"ఆశా, ఇట్ల రా."

ఆశ తల దూర్చింది. కుడి చెయ్యి మణికట్టు దాకా రాకుండానే ఆగిపోయింది. ఎడమ చెయ్యి జారి జారి వేళ్ళను కప్పేసింది. పిల్ల రెండు చేతులూ చాపి అద్దం ముందు నిలబడింది.

"బాగుందే!" అంది రామలక్ష్మమ్మ. "ఒక చెయ్యి అడుక్కునేదానికి, ఒక చెయ్యి దాచుకునేదానికి."

ఆశ మళ్ళీ నవ్వింది. ఈసారి మంజులమ్మకూ నవ్వు వచ్చి పెదవి చివర ఆగింది. శేషప్ప నవ్వలేదు.

సిప్‌కాట్ ఫ్యాక్టరీల పేటలో అతనికి చిన్న షెడ్డు ఉంది. పెద్ద ఫ్యాక్టరీలకు బండి భాగాలు చేసి పంపుతాడు. ఎడమ బ్రాకెట్టు ఒక మిషను మీద, కుడి బ్రాకెట్టు ఇంకో మిషను మీద తయారై, రెండూ ఫ్యాక్టరీకి పోయి బండికి చక్కగా అమరిపోతాయి. బడి స్వెట్టర్ల పని కూడా అదే లెక్కన పంచాడు. వీపులు, ముందు ముక్కలు మంజులమ్మకు. కుడి చేతులు నాంచారమ్మకు. ఎడమ చేతులు దివ్యశ్రీకి. ఆ ఇద్దరూ గురువారాల్లో ఈ ఇంటికి వచ్చి మంజులమ్మతో కూర్చుని అల్లుకునేవాళ్ళు.

స్వెట్టరుకు కుడి చెయ్యీ ఎడమ చెయ్యీ అని వేరుగా ఉండవు. ఏ పక్క కుడితే ఆ పక్కది అవుతుంది. అతను అంత గంభీరంగా పంచుతుంటే ముగ్గురు ఆడవాళ్ళూ ఒకరినొకరు చూసుకుని, నవ్వు కనపడకుండా తలలు వంచుకున్నారు. ఆ రోజు నవ్వి ఊరుకోవడమే తప్పయింది.

ఎందుకంటే నాంచారమ్మది బిగువు చెయ్యి. ఆమె అల్లిన దానిలో నీళ్ళు పోసినా కారవు. దివ్యశ్రీది వదులు చెయ్యి. ఆమె అల్లింది గాలి ఆడుతుంది, చెంపకు ఆనించుకోవాలనిపిస్తుంది. ఒకే ఊలు, ఒకే సూదులు, అన్నే కుట్లు. అయినా చేతులు రెండు.

"ఆ అమ్మాయివి వేస్టని పోయిన వారమే చెప్పినాను కద," అన్నాడు శేషప్ప. "నాంచారమ్మవి టైటుగా, నీట్‌గా ఉండాయి. ఎడమవి కూడా ఆమెతోనే చేయించు."

"నాంచారమ్మవి సరి, దివ్యవి తప్పు అని ఎవరు చెప్పినారు? నా వీపుకు అవీ కలవవు, ఇవీ కలవవు."

"అంటే మూడూ రిజెక్టా?"

"ఏదీ రిజెక్టు కాదు. మూడు చేతులు, అంతే."

"అట్లని మొదటి దినమే చెప్పుండల్ల కద? ఇంత ఊలు కొని, ఇంత అల్లి, ఇప్పుడు చెప్తే నేనేం చేసేది?"

మంజులమ్మ ఆశ మెడలోంచి స్వెట్టరు తీస్తోంది. చేతులు ఆగాయి.

బదులు ఆమెకు తెలుసు. ఆ బదులు నోటితో చెప్పేది కాదు.

బాగలూరులో ఒక పెళ్ళిలో తిమ్మరాజు, శేషప్ప వేసుకున్న బూడిదరంగు స్వెట్టరు అంచు పట్టుకుని చూశాడు. తిమ్మరాజుకు ప్రైవేటు బడి ఉంది. "యాడ కొన్నావప్పా?" అని అడిగాడు. శేషప్ప నలుగురిలో ఛాతీ ముందుకు పెట్టి, "కొనేదేంది? మా ఇంటామె చేతిపని," అన్నాడు. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆమె అల్లికను గురించి అతను అన్నది ఒక్కటే మాట: ఊరికే అల్లేదానికి ఇంత ఊలా? అలాంటి మనిషి ఆ వేళ 'మా ఇంటామె' అన్నాడు. తిమ్మరాజు అక్కడికక్కడే బడి పిల్లలకు స్వెట్టర్లు కావాలంటే, సరేనని మాట ఇచ్చాడు. ఆ మాట చెవిలో ఉండగానే అతను చేతులు పంచాడు, వీపులు పంచాడు. కలవవని ఆమెకు తెలుసు. తెలిసీ నోరు విప్పలేదు.

"ఆదివారం తిమ్మరాజు వస్తాడు. అంతలో ఏమి చేస్తావో చెయ్యి. నా మాట పోకూడదు," అని శేషప్ప స్కూటరు తీశాడు. ఆశ పుస్తకాలు తీసుకుని బస్టాండు దాకా పోదామని అతని వెనకాల ఎక్కింది.

రామలక్ష్మమ్మ చివరికి వీపులను పక్కకు నెట్టి మంచం మీదే కూర్చుంది. కాఫీ చల్లారిపోయి ఉంటుంది. అయినా తాగింది.

"ఈ రోజు గురువారం కద?" అంది.

"అవునత్తా."

"ఆ కోస్తా పిల్ల దివ్య రాదా?"

"రాదు."

"రాకపోతే పోనీలే. నాకేం?" రామలక్ష్మమ్మ గ్లాసు కింద పెట్టింది. "వాళ్ళ ఊర్లో గేదె పోయి పెండ్లి పందిట్లో దూరిందని చెప్తా ఉండింది. సగంలో నిలిపింది. దూరి ఏం చేసిందో."

గురువారాల్లో ఆమె వాకిలి పక్కన చాప వేసుకుని నిద్రపోతుంది. అలాగని అందరూ అనుకునేవారు.

మంజులమ్మ బెంచీ దగ్గరకు వెళ్ళి ఎడమ చేతుల కుప్పలోంచి ఒక జత తీసింది. రెండింటి మీదా పసుపు సుద్దతో పెద్ద ఇంటూ గుర్తు ఉంది. షెడ్డులో పనికిరాని ముక్క మీద గీసే గుర్తు. పోయిన గురువారం దివ్యశ్రీ కళ్ళ ముందే శేషప్ప గీశాడు. అరచేత్తో దులిపింది. సుద్ద ఊలులోకి ఇంకా లోపలికి పోయింది.

వాటిని సంచీలో పెట్టుకుని చెప్పులు వేసుకుంది.

"యాడికి?" అంది అత్త.

"గేదె ఏం చేసిందో అడిగొస్తా."

*

హౌసింగ్ బోర్డు ఇళ్ళ దగ్గర బస్సు దిగేసరికి ఎండ వచ్చినా చలి పోలేదు. మంజులమ్మ కొంగు చెవుల మీదుగా కప్పుకుని నడిచింది. దారంతా ఏం చెప్పాలో కూర్చుకుంది. గేటు తీసేసరికి కూర్చుకున్నదంతా పోయింది.

"రండక్కా," అంది దివ్యశ్రీ. అని, దారి ఇవ్వడానికి మాత్రం రవంత ఆలస్యం చేసింది.

ఎప్పుడూ కుర్చీ చేతికి వేలాడుతూ ఉండే అల్లిక సంచీ ఇవాళ అక్కడ లేదు. తలెత్తి చూస్తే అటక మీద ఇత్తడి బిందె పక్కన ఉంది. చేతికి అందనంత ఎత్తులో.

"టీ పెడతానండి."

"వద్దు దివ్యా, తాగే వచ్చినాను."

"పెడతానండి," అని ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది.

దివ్యశ్రీ భర్త గోపీచంద్ ఉద్యోగం కోసం గుంటూరు పక్క నుంచి వచ్చినవాడు. రాత్రి షిఫ్టు చేసి వచ్చి లోపలి గదిలో నిద్రపోతున్నాడు. తలుపు వెనక మేకుకు అతని మంకీ క్యాప్ తగిలించి ఉంది. నలుపూ కాని గోధుమా కాని రంగు. దాన్ని చూడగానే మంజులమ్మకు ప్రాణం లేచివచ్చినట్టయింది.

ఆ ఊలు ఇద్దరూ కలిసి డెంకణికోట సంతలో కొన్నారు. కూరగాయలకని పోయి, కంబళ్ళు అమ్మే ముసలాయన దగ్గర నేయకుండా మిగిలిన నూలు చుట్టలు చూసి, కూరగాయలు మర్చిపోయి వచ్చారు. రంగు వేయని గొర్రె ఊలు. బస్సులో పక్కన కూర్చున్నామె ముక్కు మూసుకుంది. ఇంట్లో రామలక్ష్మమ్మ, "గొర్రెను ఒకటే తేలేదు, మిగతాదంతా తెచ్చినారు," అంది. రెండు చుట్టలు చెరొకటి పంచుకున్నారు. ఏం అల్లాలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

దివ్యశ్రీ టీ గ్లాసు తెచ్చి ముందు పెట్టింది. మంజులమ్మ కళ్ళు ఎక్కడున్నాయో చూసి, అనుకోకుండా ఒక మాట జారింది. "వానలో తడిస్తే వాసనొస్తుందండి. జవళగిరి వైపు బండి మీద వెళ్తే మేకలన్నీ ఆయన్నే చూశాయట."

మంజులమ్మ నవ్వింది. దివ్యశ్రీ నవ్వబోయి, గుర్తొచ్చి ఆగిపోయింది.

ఇక ఆలస్యం చేయకూడదు. మంజులమ్మ సంచీలోంచి రెండు చేతులూ తీసి ఒళ్ళో పెట్టుకుంది. పసుపు ఇంటూ గుర్తులు పైకి కనిపించాయి.

"ఇవెందుకు తెచ్చారు? సరిచెయ్యాలా?"

"కాదు."

"నాది వదులు చెయ్యేనండి. మా అమ్మా అనేది. నేను వేసిన జడ సాయంత్రానికి ఊడిపోయేది. శేషప్పగారు అన్నదాంట్లో తప్పేం లేదు."

"నీ చేతికి ఏమీ కాలేదు దివ్యా. ఆయన గీత గీస్తే నేను అడ్డం పడుండల్ల. పడలేదు."

దివ్యశ్రీ గోడ వైపు చూసింది. పక్కింట్లో కుక్కరు ఈల వేసింది. ఇంకోసారి వేసింది.

"మీరు తలెత్తలేదక్కా."

మంజులమ్మ ఒళ్ళోని ముక్కలను అరచేత్తో సవరించింది.

"కుట్లు లెక్కపెట్టుకుంటున్నట్టు కూర్చున్నారు. కానీ మీ సూదులు కదల్లేదు. నేను వాటినే చూస్తున్నాను. ఇప్పుడు కదులుతాయి, ఇప్పుడు ఏదో అంటారు అని. మీరు అనలేదు. నాంచారమ్మగారు అనలేదంటే ఆవిడ అవసరం ఆవిడది. మీకేం అవసరం?"

మంజులమ్మ టీ గ్లాసు పట్టుకుంది. వేడి అరచేతిని కాలుస్తున్నా దించలేదు.

"నిజమే," అంది. "నాకు ఆశపుట్టింది. ఆయన నోటితో ఒక మంచిమాట వచ్చింది. అది పోతుందని భయపడినాను."

దివ్యశ్రీ ఇటు తిరిగి చూసింది. గోడ వైపు మళ్ళీ తిరగలేదు.

"ఆదివారం తిమ్మరాజు వస్తాడు. ఆర్డరు తిరిగి ఇచ్చేస్తా. మిగిలిన ఊలు ఊలుగా, అల్లింది అల్లినట్టుగా. ఈ మెరూన్ పీడ వదిలిపోనీ. మళ్ళీ మునుపటి మాదిరి ఉందాం."

ఆ మాట చెప్పి దివ్యశ్రీ ముఖం వెలుగుతుందని చూసింది. వెలగలేదు.

"అలా చెయ్యకండక్కా."

"ఏం?"

"నాంచారమ్మగారబ్బాయికి ఫ్యాక్టరీలో పని ఆపేశారు. మీకు చెప్పలేదా? చెప్పరు. మీ ఇంటికి స్నేహానికి వస్తున్నారు కదా, చెబితే స్నేహం తగ్గుతుందని భయం. ఇప్పుడు ఆ ఇంట్లో నడిచేది ఆవిడ సూదులే. మీకూ నాకూ ఇది పొద్దుపోయే పని. ఆవిడకి కాదు. మనకి చిరాకేసిందని ఆవిడ చేతిలోది లాక్కుంటామా?"

దారంతా కూర్చుకున్న ధైర్యం ఈ ఒక్క మాటతో కుట్టుజారినట్టు జారింది. నాంచారమ్మ వారం వారం పక్కన కూర్చుంటుంది. ఎలా అల్లుతుందో తెలుసు, ఎంత బిగువో తెలుసు. ఎందుకంత బిగువో అడగలేదు.

"మరి నువ్వు?" అంది చివరికి.

"నేను గురువారం కోసం వచ్చేదాన్నండి. ఇక్కడ ఎవరితో మాట్లాడినా అరవమో కన్నడమో. కూరలమ్మి దగ్గర చేతులూపి బేరమాడతాను. మీ ఇంటికొస్తే మాట్లాడుకునేదాన్ని. ఏం అల్లుతున్నావు, ఎప్పటికవుతుంది, ఎవరికి అని ఒక్కరూ అడిగేవారు కాదు. సగం అల్లి విప్పేసినా ఎవరూ అడిగేవారు కాదు. పెద్దావిడ నిద్ర నటిస్తూ నా కథలు వినేవారు." ఆమె అటక మీది సంచీ వైపు చూసింది. "ఆ మెరూన్ ఉన్నంతకాలం నేను రానండి. మీ మీద కోపం కాదు. నేను వచ్చేది షెడ్డుకి కాదు."

మంజులమ్మ ఒళ్ళోని చెయ్యిని తిరగేసి, ముగింపు కొస వెతికింది. గోటితో ముడి విప్పింది. "చేతులు చాపు," అంది.

దివ్యశ్రీకి అర్థమైంది. ఎదురుగా కింద కూర్చుని రెండు చేతులూ ముందుకు చాపింది. మంజులమ్మ కొస లాగింది. వరస వెంట వరస సరసరా ఊడుతూ ఊలు ఆ చేతుల చుట్టూ చుట్టుకుంది. కొత్తగా విప్పిన ఊలు నూడుల్స్ మాదిరి వంకరలు పోతుంది. ఉతికి, చెంబు బరువు కట్టి వేలాడదీస్తే గానీ తిన్నగా రాదు. గీత ఉన్న చోటికి వచ్చేసరికి పసుపు ఇంటూ విడిపోయి, అక్కడొక చుక్క, ఇక్కడొక చుక్కగా చుట్టలోకి వచ్చింది. ఏది గీతో ఏది మచ్చో తెలియకుండా పోయింది.

"మీ చుట్టతో ఏం అల్లారక్కా? ఆ గొర్రె ఊలుతో."

"మొదలుపెట్టలేదు. మెరూన్ వచ్చేసింది కద."

విప్పుతూ విప్పుతూ మంజులమ్మ తలుపు వెనక మేకును చూసింది. మంకీ క్యాప్. వదులు చెయ్యి అల్లిందే. మొదటి కుట్టు నుంచి చివరి కుట్టు దాకా ఒక్క చెయ్యే అల్లింది. గోపీచంద్ తలకు చక్కగా సరిపోయింది. జారిపోలేదు, బిగించలేదు. నాంచారమ్మ మనవరాలికి అల్లిన గౌను కూడా అంతే. తాను అల్లిన బూడిదరంగు స్వెట్టరూ అంతే.

ఆమె చెయ్యి వేగం పెరిగింది.

"నిదానంగా అక్కా, చిక్కుపడుద్ది."

"పడదు."

రెండో చెయ్యి కూడా విప్పి, ఉండ చుట్టి సంచీలో వేసుకుంది. గేటు దగ్గర ఆగింది. "వచ్చే గురువారం?"

"చూద్దామండి," అంది దివ్యశ్రీ. రానని అనలేదు. వస్తాననీ అనలేదు.

పది అడుగులు వేశాక మంజులమ్మ వెనక్కి తిరిగింది. "గేదె పందిట్లో దూరి ఏం చేసింది?"

దివ్యశ్రీ గేటు మీద గడ్డం ఆనించింది. "పెద్దావిడ అడిగారా? అది నేను ఆవిడకే చెప్పాలండి."

*

దీపాలు పెట్టే వేళకు హాలు మధ్యలో పెద్ద గిన్నెడు నానిన అనపగింజలు పెట్టుకుని అందరూ చుట్టూ కూర్చున్నారు. ఆ సీజను మొదలైతే ఆ ఇంట్లో పితికిపప్పుకు ఆడా మగా తేడా లేదు. రెండు వేళ్ళ మధ్య గింజ పెట్టి నొక్కితే తొక్క చేతిలో మిగిలి పప్పు ఎగిరి పళ్ళెంలో పడాలి. శేషప్పవి గోడకు తగిలేవి.

"మిషను మీద చేసేవాడివి, చేత్తో పితికేదానికి యాడొస్తుంది?" అంది రామలక్ష్మమ్మ.

అతను నవ్వాడు. పొద్దున ఉన్న చిరాకు ఇప్పుడు లేదు. షెడ్డు నుంచి ఏదో పరిష్కారం తెచ్చుకున్న ముఖంతో వచ్చాడు.

"ఒక ఏర్పాటు చేసినా," అన్నాడు. "మన షెడ్డులో పనిచేసే మారియప్ప భార్యకు అల్లేది వచ్చునంట. ఆమె కాలర్లు చేస్తుంది. ఆమె చెల్లెలు బొత్తాముల పట్టీలు చేస్తుంది. చేతులన్నీ నాంచారమ్మ. గురువారం అందరూ ఈడనే కూర్చోనీ. ఈ లైటు చాలదు. షెడ్డు నుంచి రెండు ట్యూబులు తెచ్చి వేయిస్తా. నేను మధ్యాహ్నం వచ్చి చెకింగ్ చూసుకుంటా."

"ఈ హాల్లోనా?" అంది ఆశ.

"ఈడ కాక యాడ?"

రామలక్ష్మమ్మ పైకప్పు వైపు చూసింది. ట్యూబులు అప్పుడే వెలిగినట్టు కళ్ళు చిట్లించింది.

మంజులమ్మ గింజలు పితుకుతూనే ఉంది. పప్పు ఒక్కటీ గురి తప్పలేదు.

"ఆ సంచీలో ఏంది ఉండ?" అన్నాడు శేషప్ప.

"దివ్య అల్లిన చేతులు. విప్పినాము."

"విప్పినారా? నన్నడగకుండా?"

"మిగిలినవీ విప్పుతా. కుడివి, ఎడమవి, నా వీపులు కూడా."

"నీకేమైనా మతి పోయిందా? ఆదివారం ఆయన వస్తా ఉంటే…"

అప్పుడే ఫోను మోగింది. ఊలు టోపీ కింద గంట మెత్తగా వినిపించింది. ఆశ తొక్కల చేతులు తుడుచుకుని ఎత్తింది. "హలో... ఆ, ఉండాడు మామా... నాన్నా, తిమ్మరాజు మామ. జేబు మీద బడి పేరు కూడా అల్లేదానికి అవుతుందా అని అడుగుతా ఉండాడు."

"అవుతుందని చెప్పు," అని శేషప్ప లేవబోయాడు.

"ఆశా," అంది మంజులమ్మ. "ఆదివారం అమ్మ మాట్లాడుతుందని చెప్పి పెట్టెయ్."

ఆశ తండ్రిని చూసింది. తల్లిని చూసింది. నానమ్మ గింజ పితకడం ఆపింది.

"ఆదివారం అమ్మ మాట్లాడుతుందంట మామా," అని ఆశ ఫోను పెట్టేసి, టోపీ సర్ది, వచ్చి తన చోట కూర్చుంది.

"నలుగురిలో ఇచ్చినా ఆ మాట," అన్నాడు శేషప్ప. గొంతు పెంచలేదు. అతనికి నిజంగా దెబ్బ తగిలిందని అందుకే తెలిసింది. "నీ పని గొప్పదని ఇచ్చినా. గొప్ప చెప్పుకోవడం కూడా తప్పా?"

"కాదు. ఆ మాట విని నాకు ఎంత సంతోషమైందో మీకు తెలీదు. ఆ సంతోషానికే నోరు మూసుకుంటి. మూడు చేతులు కలవవని నాకు మొదటి దినమే తెలుసు. చెప్పలేదు. తప్పు నాది. అందుకే విప్పేది నేనే విప్పుతా. ఉతికి, ఆరేసి, ఉండలు చుట్టి ఇస్తా."

శేషప్ప చేతిలోని గింజ అలాగే ఉండిపోయింది.

"ఇచ్చి?"

"నాంచారమ్మకు ఇస్తా. ఆర్డరు ఆమెది. ఆమె ఇంట్లో, ఆమె పేరు మీద. మారియప్ప భార్య చేస్తానంటే చేయనీ. అయితే ఎవరు మొదలుపెట్టింది వాళ్ళే ముగించల్ల. ఒక స్వెట్టరు ఒక చెయ్యి. అట్లయితే ఏ చేతిదైనా సరిపోతుంది. ఈ చలిలో అన్నీ కావు. చిన్న తరగతుల పిల్లలకు ముందు, పెద్దోళ్ళకు తర్వాత. అది తిమ్మరాజుకు నేను చెప్తా. ఒప్పుకుంటే మేలు."

"ఒప్పుకోకపోతే?"

"ఒప్పుకోకపోతే మళ్ళీ మాట్లాడతా."

"మరి నువ్వు ఎన్ని చేస్తావు?"

"ఒకటీ చేయను."

ఆ మాటకు ఆశ కూడా తలెత్తింది. రామలక్ష్మమ్మ పళ్ళెంలోని పప్పును అవసరం లేకపోయినా చేత్తో సర్దింది.

"అట్లంటే ఏమి అర్థం?" అన్నాడు శేషప్ప. "అందరూ చేస్తా ఉంటే, వచ్చిన పని నువ్వొక్కతే చేయనంటే?"

మంజులమ్మ చేతులు కడుక్కుని తుడుచుకుంది. కిటికీ దగ్గరకు నడిచింది. చెక్క మీద అరిగిన పసుపు సుద్దముక్క ఉంది. తీసి, అతని స్కూటరు తాళాల పక్కన పెట్టింది.

"ఇది షెడ్డుకు తీసుకుపోండి. అక్కడిది," అంది.

తర్వాత బీరువా కింద అరలోంచి గొర్రె ఊలు చుట్ట తీసింది. హాలంతా డెంకణికోట సంత వాసన వచ్చింది. రామలక్ష్మమ్మ ముక్కు మీద చెయ్యి పెట్టుకుని కూడా ఒక్క మాటా అనలేదు. మంజులమ్మ మంచం మీది వీపులన్నీ ఎత్తి బుట్టలో వేసి, ఖాళీ అయిన చోట కూర్చుంది. సూదులు తీసి మొదటి కుట్టు ఎక్కించింది.

"ఆదివారం లోపల మెరూన్ అంతా ఈ ఇల్లు దాటుతుంది," అంది, ఎవరి ముఖమూ చూడకుండా, అందరికీ వినపడేట్టు. "వచ్చే గురువారం నుంచి ఈ హాల్లో మేము ఊరికే అల్లుకుంటాం."